గ్రాసియాస్ – ఒక మాట అనంతపురం చేరిన కథ



కంటి శుక్లానికి శస్త్రచికిత్స జరిగినందువలన చాలా రోజులుగా ఇక్కడ ఏమీ వ్రాయలేదు. ఈనాటి వ్యాసానికి కారణం మా ఇంటి మేడమెట్ల మీద చెవిని పడిన ఒక్క మాట.

మేము హయత్‌నగర్‌లో ఇల్లు కట్టుకొని పాతికేళ్ళు దాటింది. పై వాటాలో ఇద్దరు ఆడపిల్లలు అద్దెకుంటున్నారు. వారిలో ఒకరిది కల్యాణదుర్గం ప్రాంతపు పల్లె. ఇక్కడినుండి బస్సులో ఎల్.బి.నగర్, అక్కడినుండి మెట్రో రైలులో అమీర్‌పేట, అక్కడ బండి మారి హైటెక్ సిటీ. ఇంత దూరం రోజూ పోయి వస్తుంది. స్పానిష్ భాషలో వచ్చే కాగితాలను ఇంగ్లీషులోకి మార్చే ఉద్యోగం. మొన్న ఒక సాయంత్రం మెట్లెక్కుతూ ఫోనులో ఎవరితోనో “గ్రాసియాస్, ముచాస్ గ్రాసియాస్” అని ముగించింది. అదేమి మంత్రమమ్మా అని అడిగాను.

“మంత్రం కాదయ్యవారూ, మన ధన్యవాదాల మాదిరి” అని నవ్వి, ఆ పిల్ల నన్నే ఒక ప్రశ్న వేసింది. “చిన్నప్పుడు మేము స్పెయిన్‌కు జాబులు రాస్తా ఉంటిమి. చివర ఏమి రాయల్లో తెలిసేది కాదు. మా అవ్వ ‘వాళ్ళ కడుపు చల్లగుండాలని రాయి’ అనేది. ఇప్పుడు నాకు స్పానిష్ వచ్చు. అయినా అవ్వ మాటను ఆ భాషలో ఎట్ల చెప్పేదో తెలియదు. మీరు తెలుగు అయ్యవారు కదా, ముందు ఆ మాటకు అర్థం చెప్పండి.”

ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. కడుపు చల్లగా ఉండడమంటే సంతానం క్షేమంగా ఉండడమని తడుముకోకుండా చెప్పాను. కాని ఆమె అడిగినది అది కాదు. కృతజ్ఞతను ఒక భాషలోనుండి మరొక భాషలోకి ఎలా మోసుకొనిపోవడం అన్నది ఆమె ప్రశ్న. ఆ రాత్రి నుండి నా ఆలోచన అంతా దాని చుట్టూనే తిరిగింది.

* * *

ముందు ఆ పరాయి మాట పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం.

స్పానిష్ లాటిన్‌కు కూతురు. లాటిన్‌లో ‘గ్రాతుస్’ అంటే ఇష్టమైనది, ప్రీతి కలిగించేది. దానినుండి వచ్చిన ‘గ్రాతియా’కు అనుగ్రహం, దయ, సొంపు అని అర్థాలు. అదే స్పానిష్‌లో ‘గ్రాసియా’ అయింది. ఏకవచనంలో ఈ మాటకు నేటికీ సొగసు, చమత్కారం, దైవానుగ్రహం అన్న అర్థాలున్నాయి. బహువచనమైన ‘గ్రాసియాస్’ అనగానే అది కృతజ్ఞత అవుతుంది. స్పెయిన్ దేశంలో అధికభాగం ప్రజలు నడిమి అక్షరాన్ని నాలుక పళ్ళ నడుమ ఉంచి పలుకుతారట. దక్షిణాన ఆందలూసియాలో చాలాచోట్ల, సముద్రం దాటి మెక్సికో, పెరూ మొదలైన దేశాలలో అది శుద్ధ సకారమే. ఇరవై దేశాలలో అధికారభాషగా ఉండి, దాదాపు యాభై కోట్లమందికి మాతృభాష అయిన దానిలో ఇటువంటి తేడాలు సహజమే.

బహువచనం సంగతి నన్ను ఆకర్షించింది. మనమూ అంతే కదా! ధన్యవాదాలు, కృతజ్ఞతలు, నమస్కారాలు – ఒకటి చెప్పి ఊరుకోము. మనసులో ఉన్నది ఒక్క మాటలో ఇమడదని రెండు జాతులకూ తోచినట్లుంది.

సంస్కృతం చదివినవారికి ఇంకొక ముచ్చట. లాటిన్ ‘గ్రాతుస్’కు, వేదభాషలోని ‘గూర్త’ శబ్దానికి మూలం ఒకటేనని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. స్తుతించు అనే అర్థంలో ‘గృణాతి’ అన్న క్రియారూపం మనకు తెలిసినదే. అనగా గ్రాసియాస్ అన్న మాటకు మూలంలో ఉన్నది స్తుతి. మేలు చేసినవానిని నోరారా పొగడడం.

దానికి వారిచ్చే జవాబు ఇంకా బాగుంటుంది. ‘దె నాదా’ అంటారు. మాటకు మాటగా చెప్తే ‘ఏమీ లేనిదానికి’. ఈ ‘నాదా’ పుట్టుక విచిత్రమైనది. లాటిన్‌లో ‘రెస్ నాతా’ అంటే పుట్టిన వస్తువు. నాతా అన్నది మన ‘జాత’ శబ్దానికి జ్ఞాతి. ‘పుట్టిన వస్తువేదీ లేదు’ అని వ్యతిరేకవాక్యాలలో వాడి వాడి, చివరకు ‘పుట్టినది’ అన్న మాటకే ‘ఏమీ లేదు’ అన్న అర్థం స్థిరపడింది.

పొరుగునే ఉన్న పోర్చుగీసువారి దారి వేరు. వారు కృతజ్ఞత చెప్పేటప్పుడు పురుషుడైతే ‘ఒబ్రిగాదు’ అని, స్త్రీ అయితే ‘ఒబ్రిగాదా’ అని అంటారు. కట్టుబడినవాడను, కట్టుబడినదానను అని అర్థం. మన ‘మీకు ఋణపడి ఉన్నాను’ దీనికి సరిగ్గా సరిపోతుంది. ఇరుగుపొరుగు భాషలే అయినా ఒకదానిలో కృతజ్ఞత స్తుతి, మరొకదానిలో బంధం.

* * *

ఇక ఈ స్పానిష్ మాట తెలుగునాటికి ఎలా వచ్చింది?

ఐరోపా వాసులు మన తీరాలకు వచ్చి ఎన్నో మాటలు విడిచిపోయారు. మేస్త్రీ, పాద్రీ పోర్చుగీసు మాటలు. మా హయత్‌నగర్ దాటి విజయవాడ దారిన కొంచెం పోతే బాటసింగారంలో పండ్ల మార్కెట్ ఉంది. దిల్‌సుఖ్‌నగర్ దగ్గరి గడ్డిఅన్నారం మార్కెట్‌ను 2021లో అక్కడికి తరలించారు. అక్కడ గుట్టలుగా పోసే సపోటా పేరు మెక్సికో మూలవాసుల భాషలోనుండి స్పానిష్‌లోకి, అక్కడినుండి లోకానికీ వచ్చినదే. టమాటా కథ కూడా అంతే. వస్తువు వెంట పేరు వచ్చింది. వర్తకుడు సరకు పేరు చెబుతాడు, ధర చెబుతాడు. కృతజ్ఞత చెప్పే మాటను మాత్రం ఆ వర్తకపు ఓడలు మన ఒడ్డున దించలేదు. అది రావడానికి 20వ శతాబ్దం ఉత్తరార్ధం దాకా ఆగవలసి వచ్చింది. అదీ రేవు పట్టణానికి కాదు, వానలు మొహం చాటేసే అనంతపురానికి.

తీసుకొనివచ్చినవాడు విసెంతె ఫెర్రర్. 1920 ఏప్రిల్ 9న బార్సిలోనాలో పుట్టాడు. యువకుడుగా ఉండగా స్పెయిన్ అంతర్యుద్ధంలో గణతంత్ర పక్షాన సైనికుడయ్యాడు. 1938లో ఎబ్రో నదీతీరాన జరిగిన ఘోరయుద్ధాన్ని చూచాడు. ఓడిన పక్షం వాడు కనుక నిర్బంధ శిబిరమూ చూచాడు. 1944లో జెసూట్ సంఘంలో చేరి, 1952లో బొంబాయిలో ఓడ దిగాడు. నాసిక్ జిల్లా మన్మాడ్‌లో రైతులతో బావులు త్రవ్వించే పనిలో పడ్డాడు. ఆ పని అక్కడి పలుకుబడి గలవారికి కంటగింపయింది. 1968లో దేశం విడిచిపొమ్మని ఉత్తరువు వచ్చింది. అప్పుడు ఆయన పక్షాన వేలాది రైతులు మన్మాడ్‌నుండి బొంబాయికి నడిచారు. ప్రధాని ఇందిరా గాంధీ కలుగజేసుకోవడంతో, కొద్దికాలం విదేశంలో ఉండి 1969లో తిరిగివచ్చాడు. ఈసారి నిలిచిన చోటు అనంతపురం.

అనంతపురం సంగతి తెలుగువారికి చెప్పనక్కరలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేనిది. వేరుశనగ విత్తి ఆకాశం చూడడమే వ్యవసాయం. అక్కడ గ్రామీణాభివృద్ధి సంస్థను స్థాపించాడు. ప్రజలు ‘ఆర్డీటీ’ అంటారు. 1970లో జెసూట్ సంఘాన్ని వీడి, ఆన్ పెర్రీ అనే ఆంగ్లేయ పత్రికారచయిత్రిని వివాహమాడాడు. మతగురువు వృత్తి వదలినా జనం నోట చివరిదాకా ‘ఫాదర్’ గానే మిగిలాడు. బావులు, చెరువులు, బడులు, ఇళ్ళు, ఆసుపత్రులు – ఆ పనుల పట్టిక పెద్దది. 2000లో ఆరంభమైన బత్తలపల్లి ఆసుపత్రి వాటిలో పేరెన్నిక గన్నది. 1996లో స్పెయిన్‌లో ఆయన పేర ఫౌండేషను ఏర్పడింది. 1998లో మహమ్మద్ యూనస్ మొదలైనవారితో కలిపి ఆయనకు స్పెయిన్ దేశపు ప్రతిష్ఠాత్మకమైన ప్రిన్స్ ఆఫ్ అస్తూరియస్ పురస్కారం లభించింది. 2009 జూన్ 19న అనంతపురంలో కన్నుమూశాడు. సమాధి బత్తలపల్లిలో ఉంది. 2022 జిల్లాల విభజన తరువాత ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది.

ఈ పనులకు ధనం ఇచ్చినవారిలో ఎక్కువమంది స్పెయిన్‌లోని సామాన్య గృహస్థులు. ఒక కుటుంబం ఇక్కడి ఒక బిడ్డ పేరున నెల నెలా కొంత పంపుతుంది. ఆ దాతను వారి భాషలో ‘పద్రీనో’ అంటారు. క్రైస్తవాచారంలో జ్ఞానస్నానపు వేళ బిడ్డకు అండగా నిలిచే తండ్రివంటివానికి ఆ పేరు. బిడ్డ ఆ కుటుంబానికి జాబు వ్రాస్తుంది. తెలుగు జాబు స్పానిష్‌లోకి మారి పోతుంది. సముద్రాలకావలినుండి జవాబు వస్తుంది. ఇలా దశాబ్దాల తరబడి జాబులు నడిచాయి. వాటితోపాటు గ్రాసియాస్ అన్న మాట అనంతపురం పల్లెలకు చేరింది. తరువాతి కాలంలో గ్రామీణ పట్టభద్రులకు స్పానిష్, ఫ్రెంచి, జర్మన్ మొదలైన భాషలు నేర్పే శిక్షణశాలను కూడా ఆ సంస్థే అనంతపురంలో నెలకొల్పింది. మా పైవాటా అమ్మాయి అక్కడ చదివినదే. చిన్ననాడు తన జాబును ఎవరో తర్జుమా చేశారు. నేడు ఇతరుల కాగితాలను తాను తర్జుమా చేస్తున్నది.

* * *

పిల్లల జాబులంటే నాకు కొంత అనుభవం ఉంది. లేఖారచన పాఠం ఎన్ని ఏళ్ళు చెప్పానో! తెలుగు జాబుకు ఒక చట్రముంది. పూజ్యులకు నమస్కారములు, ఇచట మేమంతా క్షేమం, అచట మీరు క్షేమమని తలుస్తాను. ఆపైన విశేషాలు. మా మేక ఈనింది, మా ఊరికి వాన వచ్చింది, నాకు లెక్కలలో ఇన్ని మార్కులు వచ్చాయి. ఆ జాబులో ‘ధన్యవాదాలు’ అన్న మాట ఉండకపోవచ్చు. ఇంట్లో పెద్దలకు చెప్పే కబుర్లను పిల్లవాడు ఎక్కడో ఉన్న మనిషికి చెప్పడమే ఒక కృతజ్ఞత. ఇతన్ని మా ఇంటివాణ్ణి చేసుకున్నాను అని దాని అర్థం.

అవ్వ ఆశీర్వచనం కూడా అటువంటిదే. ఎండలు మండే సీమలో చల్లదనం కంటె గొప్ప దీవెన లేదు. చల్లని తల్లి, చల్లని చూపు, చల్లగా బ్రతుకు అంటాము. స్పానిష్‌లో మనిషిని ‘ఫ్రీయో’ – చల్లనివాడు – అంటే ఆప్యాయత లేనివాడని అర్థమట! అవ్వ మాటను ఉన్నదున్నట్లుగా మార్చితే దీవెన కాస్తా నింద అవుతుంది. అమ్మాయి ఇబ్బంది అదీ. కనుక ఆమెతో ఇలా అన్నాను: “చల్లదనాన్ని వదిలెయ్యి. మీ బిడ్డలు బాగుండాలని మా అవ్వ దేవుణ్ణి అడుగుతున్నది అని వ్రాయి. అవ్వ చెప్పినది అదే.”

మనకు కృతజ్ఞత చెప్పే మాటే లేదని, ఇంగ్లీషువాడు వచ్చి నేర్పాడని కొందరు పెద్దలు కూడా అంటుంటారు. అది సగమే నిజం. ‘ధన్యవాదం’ను నేడు మనం వాడుతున్న తీరు ఇటీవలిదే. కాని ‘కృతజ్ఞుడు’ ప్రాచీన శబ్దం. కృతమును ఎరిగినవాడు, అనగా చేసిన మేలు జ్ఞాపకముంచుకొన్నవాడు. ఇందులో చెప్పడం లేదు, ఎరగడం ఉంది. కృతఘ్నునికి ప్రాయశ్చిత్తమే లేదని రామాయణంలో లక్ష్మణుడు సుగ్రీవుణ్ణి హెచ్చరిస్తాడు. ఉత్తరకాండలో రాముడు హనుమంతుని వీడ్కొలుపుతూ ఇంకొక మెట్టు పైకి పోతాడు. నీ ఉపకారానికి బదులు తీర్చే అవకాశం నాకు రాకూడదంటాడు. ఎందుకంటే బదులు తీర్చాలంటే ముందు హనుమంతునికి ఆపద రావాలి. అప్పు తీరకుండా తనలోనే అరిగిపోవాలని కోరుకున్నాడు. ఇంత సున్నితమైన కృతజ్ఞత నేను వేరొకచోట చదువలేదు.

మరొక మంచి మాట ‘నెనరు’. ప్రేమ, దయ అని దాని అర్థం. 2006, 2007 ప్రాంతంలో కంప్యూటరులో తెలుగు వ్రాయడం మొదలుపెట్టిన బ్లాగరులు థాంక్సుకు బదులు ‘నెనరులు’ అని వాడితే, పండితులం కొందరం మొదట నొసలు చిట్లించాము. నేనూ చిట్లించాను. ఇప్పుడు ఆలోచిస్తే, గ్రాసియా అన్న మాటకు అర్థంలో దీనికంటె దగ్గరి చుట్టం తెలుగులో కనబడదు. రెండింటిలోనూ దయ ఉంది, రెండూ బహువచనంలోనే కృతజ్ఞతలయ్యాయి. ఆ పడుచువాళ్ళు నాకంటె బాగా ఎన్నుకున్నారు.

అయితే మన పల్లెలలో ఈ మాట నోటివెంట ఎందుకు రాదు? దీనికి చరిత్రలో ఒక కారణం ఉన్నదని నాకు తోస్తుంది. నేను పుట్టినది నల్లగొండ జిల్లా పల్లెలో. మా తాతల తరం దొరల ఏలుబడిలో బ్రతికింది. దొర ఏది ఇచ్చినా, తన్ని వదిలిపెట్టినా, “నీ బాంచను, కాల్మొక్త” అనవలసిందే. బాంచ అంటే దాసి. అక్కడ కృతజ్ఞత ఒక పన్ను. వెట్టిలో ఒక భాగం. 1946 నుండి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం ఆ మాటను చాలావరకు నోళ్ళలోనుండి తుడిచివేసింది. తుడిచివేసిన తరువాత ఆ ఖాళీలోకి వేరొక మాట రాలేదు. మా నాయన ఎవరికీ కృతజ్ఞత చెప్పగా నేను వినలేదు. తల వంచడం, కృతజ్ఞత చెప్పడం ఒకటేనని ఆయన తరం నమ్మింది. నేనూ అలాగే పెరిగాను.

అనంతపురంలోనూ ఈ ప్రమాదం లేకపోలేదు. చాలా పల్లెలలో ఫెర్రర్ పటం దేవుడి పటాల పక్కన ఉంటుంది. ఊళ్ళలో విగ్రహాలూ నిలిపారు. దొర పోయి దేవుడు వస్తే మనిషి తల ఎత్తుకొని నిలబడేది ఎప్పుడు? ఈ ప్రశ్నను కొంత సంకోచంతోనే అమ్మాయిని అడిగాను. ఆమె ఇలా చెప్పింది: “దండం పెట్టేది వేరే అయ్యవారూ. నేను గ్రాసియాస్ అంటే వాళ్ళు దె నాదా అంటారు. అంతటితో సరి. ఇద్దరమూ సమానమే.”

* * *

ఆ ‘దె నాదా’ నన్ను వెంటాడడానికి వేరే కారణముంది. దానికోసం మా ఊరి సంగతి కొంత చెప్పాలి.

హయత్‌నగర్ పేరు హయాత్ బక్షీ బేగం పేరు మీద వచ్చింది. గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా కుమార్తె, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి. 17వ శతాబ్దంలో ఇక్కడ మసీదు కట్టించి, దాని చుట్టూ బాటసారులు దిగడానికి కమానుల గదులు కట్టించింది. దగ్గరలోనే హాథీ బావడి అనే పెద్ద బావి. ఆ గదులలో ఎందరు దిగారో, ఎన్ని భాషలలో కృతజ్ఞత చెప్పి పోయారో! ఇక్కడి పాతకాపుల ఉర్దూలో ‘షుక్రియా’ ఎంత వినబడుతుందో ‘మెహర్బానీ’ అంతే వినబడుతుంది. ఆ పారసీ మాటలోనూ ఉన్నది దయ, ప్రేమ. మళ్ళీ నెనరే.

1979లో నేను ఈ దారి ప్రక్కనే ఒక గదిలో ఉండి పండిత శిక్షణ చదువుకునేవాణ్ణి. ఆ సంవత్సరం పరీక్ష రుసుము కట్టవలసిన ముందురోజున చేతిలో పైసా లేదు. క్రింద సైకిళ్ళు బాగుచేసే దుకాణం నడిపే ముసల్మాను పెద్దాయన – చాచా అనేవాణ్ణి – నా ముఖం చూచి విషయం రాబట్టాడు. పెట్టె తెరచి డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. తెలుగు చదవడం ఆయనకు రాదు. ఆయన ఇచ్చిన డబ్బుతో నేను తెలుగు పండితుణ్ణయ్యాను. ఉద్యోగం వచ్చాక అప్పు తీర్చాను. పైసలతో సహా తీర్చాను. కాని ఆనాడు నోరు తెరచి ఒక్క మాట అనలేదు. డబ్బు బల్లమీద పెట్టి, సైకిలు ఎక్కి వెళ్ళిపోయాను. తరువాత నన్ను వేరే ఊళ్ళకు బదిలీ చేశారు. తిరిగివచ్చేసరికి చాచా లేడు. ‘కృతజ్ఞత’కు వ్యుత్పత్తి ఏటేటా నల్లబల్ల మీద వ్రాసినవాణ్ణి, దానిని వాడవలసిన ఒక్క చోట వాడలేదు. రాముని వలె ఋణం మనసులో దాచుకున్నానని ఇన్నాళ్ళూ సమర్థించుకున్నాను. రాముడు మాత్రం ఆ మాట హనుమంతుని ఎదుటనే చెప్పాడు.

గత శుక్రవారం ఆయన ఇల్లు వెదకుకుంటూ వెళ్ళాను. ఆయన భార్య ఉన్నది. తొంభైకి దగ్గర. చూపు సరిగా ఆనదు. అరడజను బత్తాయిలు చేతికిచ్చి, నేనెవరో చెప్పి, నలభై ఏళ్ళకు పైబడిన ఆలస్యంతో చెప్పవలసిన మాట చెప్పాను. ఏ భాషలో చెప్పాలో తోచక ‘మెహర్బానీ చాచీ’ అన్నాను. ఆమెకు నేను గుర్తురాలేదు. ఆ డబ్బు సంగతి అసలే తెలియదు. అయినా బత్తాయి వాసన చూస్తూ, “అరె బేటా, ఇసమే క్యా హై” అన్నది.

మన తెలుగులో అయితే “దానిదేముందయ్యా” అంటాము.

ఇంటికి వచ్చి పైవాటా అమ్మాయికి ఇదంతా చెప్పాను. జాబు చివర ఏమి వ్రాయాలన్న సందేహం నాకు తీర్చినందుకు ‘గ్రాసియాస్’ అన్నాను. ఉచ్చారణ సరిగా లేదని దిద్ది, ఆ తరువాతనే ‘దె నాదా అయ్యవారూ’ అన్నది.

మీ మీ ఊళ్ళలో పెద్దవాళ్ళు ఈ భావాన్ని ఏ మాటలతో చెప్పేవారో తెలిసినవారు వ్రాయగలరు.